నానమ్మ పెళ్లికి ఎవరు ఒప్పుకున్నారు

అమీర్‌పేటలో డేటాబేస్ కోర్సు నేర్చుకునే రోజుల్లో ఏది దొరికినా గడుల్లో సర్దేవాణ్ణి. హాస్టల్ గదిలో ఆరుగురం. ఎవరి స్నానం ఎప్పుడో కూడా నేనే పట్టిక వేసి తలుపుకి అంటించాను. ఆ పిచ్చితోనే మా వంశవృక్షం మొదలుపెట్టాను. మా ఊరి చర్చి పాస్టరుగారు పాత బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్లు ముందు పెట్టి, కావలసిన పేజీలు జిరాక్స్ తీసుకోనిచ్చారు. ఆయన దయవల్ల నాలుగు తరాల పేర్లు, తేదీలు, ఊళ్లు కంప్యూటర్లోకి ఎక్కాయి.

ఎర్రమంజిల్ క్వార్టర్స్‌లో మేనత్త దగ్గర నానమ్మ ఉండేది. ప్రింటు తీసి ఆమెకు చదివి వినిపించాను. అంతా విని ఒక్కటే అడిగింది.

"మా నాయిన నా పెళ్లికి ఒప్పుకున్నడా లేదా, గది ఉన్నదా ఇండ్ల?"

లేదు. నానమ్మ పుట్టింటివాళ్లు క్రైస్తవులు కారు. ఆమె పదహారేళ్లకు బాప్తిస్మం తీసుకుని తాతను చేసుకుంది. పెళ్లికి పుట్టింటి నుంచి ఒక్కరూ రాలేదు. తండ్రి తనను కాదనుకున్నాడన్న పంతంతో, ఆయన పోయినప్పుడు చూడ్డానికి కూడా వెళ్లలేదు. ఆ సంగతి అత్త నాకు వంటింట్లో గొంతు తగ్గించి చెప్పింది.

ఆ నెలలోనే నానమ్మ తమ్ముడి కొడుకు, పాత పెట్టెలో దొరికిందంటూ ఆమె తండ్రి వీలునామా తెచ్చిచ్చాడు. నిజాం కాలం నాటిది, ఉర్దూలో ఉంది. కూతురి గురించి ఒక్క ముక్కైనా ఉండకపోతుందా అనుకుని పంజాగుట్ట తీసుకెళ్లాను. అక్కడ స్టాంపు పేపర్ల దుకాణంలో, కోర్టులో నకళ్లు రాసి రిటైరైన పెద్దాయన కూర్చునేవాడు. అందరికీ చాచా. ఆయన నిదానంగా చదివి తెలుగులో చెప్పాడు. పొలం, బావి, రెండు జతల ఎడ్లు, ముగ్గురు కొడుకులు. కూతురి మాటే లేదు. మళ్లీ చదవమన్నాను, చదివాడు. మూడోసారి అడిగితే కళ్లజోడు తీసేశాడు.

"లేనిది నన్ను రాయమంటవా బేటా?" అని నవ్వాడు. తర్వాత కాగితం అడుగునున్న బొటనవేలి ముద్ర మీద వేలు పెట్టాడు. "అక్షరాలు అయిపోయినయ్. గీ అంగూఠా చూడు. నడిమిట్ల గాటున్నది. గిసొంటి ముద్ర ఇంకోకాడ దొరికితె, మనిషి గాయనే."

ఇంకోచోట ఉంది. పెళ్లి రిజిస్టరులో 'వధువు తండ్రి లేక సంరక్షకుని సమ్మతి' అనే గడి. అందులో పేరు లేదు, వట్టి వేలిముద్ర. అప్పటి పాస్టరు సంఘపెద్దనెవరినో సంరక్షకుడిగా నిలబెట్టి ఉంటాడని ఇంట్లో అందరి నమ్మకం. టైపు చేయడానికి ఏమీ లేదు కదా అని నేను ఆ కాలమ్ మొత్తం తీసేశాను.

ముక్కూమొహం తెలియని నాకు చాచా తన భూతద్దం ఇచ్చి, రేపు తెచ్చిమ్మన్నాడు. షేర్ ఆటోలో హాస్టల్‌కి వచ్చి, పరుపు కింది జిరాక్సులు తీసి, రెండు ముద్రలూ పక్కపక్కన పెట్టాను. రెండింటిలోనూ అదే గీత, ఎడమ నుంచి కుడికి ఏటవాలుగా.

ఆదివారం పొద్దున ఆరాధనకు బయల్దేరే ముందు నానమ్మకు చూపించాను. కాగితం దగ్గరికి తీసుకుని ఆ గీత మీద వేలు పెట్టింది.

"కొడవలితోని ఏలు తెగింది. నేనే పసుపు అద్దిన" అంది. "గిది ఎప్పుడు పెట్టిండు?"

పెళ్లికి మూడు వారాల ముందు. వధూవరుల పేర్లు చర్చిలో మూడు ఆదివారాలు చదివి, అభ్యంతరాలుంటే చెప్పమనడం మా ఆచారం. ఆ ముద్ర లేకుండా మొదటి ఆదివారం ఆమె పేరు చదివేవారే కాదు. ఆయన ఎవరికీ చెప్పకుండా చర్చికి వచ్చి, వేలు ఒత్తి వెళ్లిపోయాడు.

ఆ రోజు ఆరాధనలో, వారంలో జరిగిన మేలులు చెప్పుకునే సమయం వచ్చింది. ఎప్పుడూ నోరు విప్పని నానమ్మ బెంచీ పట్టుకుని లేచింది.

"మా నాయిన నా పెళ్లికి ఒప్పుకున్నడు. దేవునికి స్తోత్రం."

ముందు బెంచీలో ఆమె ఈడు మనిషే ఒకావిడ వెనక్కి తిరిగి, ఎప్పుడమ్మా పెళ్లి అని అడిగింది. సంఘమంతా నవ్వింది. నానమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ తనూ నవ్వి, యాభై ఏండ్లు దాటిందని చెప్పి కూర్చుంది.