కొమ్ము మీద పంటి గాట్లు

మీకు నోళ్ళున్నాయి, చెవులున్నాయి, ఒక్కటీ పనికిరావు. ఇంట్లో నలుగురు కూడితే చాలు, చిన్నతాత చేసిన గిటార్ల గురించి అడుగుతారు. ఏ చెక్కతో చేశాడు, ఎవరెవరు కొన్నారు, అంత మోత ఎలా వచ్చేది అని. ఆయన పక్కన నలభై ఏళ్ళు కూర్చున్న మనిషి గురించి ఒక్కరైనా అడిగారా? "చిన్నమ్మమ్మకి అందరి మీదా అనుమానమట కదా" అని కిసుక్కున నవ్వడం తప్ప. నవ్వండి. నవ్వడం అయ్యాక నోరు మూసుకుని వినండి.

అనుమానం మాట నిజమే, దాచి లాభం లేదు. బస్సులో ఎవరైనా లేచి సీటిస్తే, అది తడిగా ఉందేమోనని చేత్తో తడిమి చూసి గానీ కూర్చునేది కాదు. పాలవాడు నవ్వితే ఇవాళ నీళ్ళు ఎక్కువ కలిపాడనేది, నవ్వకపోతే నిన్న కలిపినందుకు ముఖం చెల్లక అనేది. ఎవరింట్లో ఏం జరిగినా కూపీ లాగందే నిద్రపట్టదు కాబట్టి వీధంతా కలిసి ఆవిడకి 'కూపీ' అని పేరు పెట్టారు. పెట్టిందెవరో కూడా వారం తిరక్కుండా కూపీ లాగి, వాళ్ళ గుమ్మం ముందు నిలబడి కడిగిపారేసి వచ్చింది. పేరు మాత్రం పోలేదు.

ఆ గుణం ఊరికే రాలేదు. చదువు మూడో తరగతితో సరి. పదిహేనో ఏట మోటార్లు చుట్టే షాపులో పనికి కుదిరింది. కాలిపోయిన మోటారులోంచి నల్లబడ్డ తీగ లాగేసి, కొత్త రాగి తీగ చుట్టడం పని. మోటారు తెచ్చిన ప్రతివాడూ ఒకే పాట పాడేవాడు: "మేమేం చెయ్యలేదండీ, దానంతటదే ఆగిపోయింది." కూపీ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, "నీళ్ళలో ముంచి తెచ్చి నాకు కథలు చెబుతారా?" అనేది. నూటికి తొంభై సార్లు అదే నిజం. మిగిలిన పదిసార్లూ కూడా తనే గెలిచానని ఆవిడ లెక్క. రంపం, సుత్తి లాగే అనుమానం ఆవిడకి పనిముట్టు. షాపు మూసేశాక తాళం వేసి వచ్చే పనిముట్టు కాదు, అంతే తేడా.

మీ చిన్నతాత పెళ్ళికి ముందు నుంచీ కోత మిల్లులో దుంగలు కోసేవాడు. పన్నెండేళ్ళు కోశాక అది మానేసి బల్లలు, కుర్చీలు చేసుకునేవాడు. ఒకసారి ఎవరో మెడ విరిగిన కరెంటు గిటారు తెచ్చి అతికించమన్నారు. ఆయన దాన్ని మరలతో సహా విప్పి, ప్రతి ముక్కా కాగితం మీద గీసుకుని, "ఇంతేనా! ఇది బల్లకి తీగలు కట్టడమే కదే" అన్నాడు. అంతే, వెనకగది గిటార్ల గది అయిపోయింది. ఒంటికి పాత బీరువాల టేకు, మెడకి అంతకంటే గట్టి కర్ర. తీగలు లాగినా వంగకుండా మెడ లోపల నిలువునా ఒక ఇనప కడ్డీ. చెక్కలో గుంటలు తొలిచే రౌటర్ అనే మిషను ఒకటి ఉండేది. అది మొదలెడితే పక్కింటి గిన్నెలు కూడా గలగలలాడేవి. మెడ మీద అడ్డంగా వచ్చే మెట్ల తీగ సుత్తితో దిగ్గొట్టి, ఆకురాయితో సమం చేసి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది, ఆఖరికి గుడ్డ ముద్దతో పాలిష్ పట్టేవాడు. ఆరు తీగల గిటార్లు చేసేవాడు, నాలుగు లావు తీగల బాస్ గిటార్లూ చేసేవాడు.

చెక్కా మెడా ఆయనవి. మోత మాత్రం కూపీది. కరెంటు గిటారుకి తీగల కింద ఒక చుట్ట ఉంటుంది, పికప్ అంటారు. తీగకొకటి చొప్పున ఆరు చిన్న అయస్కాంతపు కడ్డీలు నిలబెట్టి, వాటి చుట్టూ వెంట్రుక కంటే సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టాలి. తీగ ఊగితే ఆ చుట్టే దాన్ని పట్టి స్పీకరు పెట్టెకి పంపిస్తుంది. అది లేకపోతే గిటారు ఉత్త చెక్క. కూపీ తొక్కుడు కుట్టుమిషను చక్రానికి ఆ చుట్ట బిగించి, కాలితో తొక్కుతూ రెండు వేళ్ళ మధ్య తీగ వదిలేది. చుట్లు లెక్కపెట్టే చిన్న మీటరు ఒకటి తగిలించి ఉన్నా, అది దొంగలెక్క చెబుతుందేమోనని నోట్లో తనూ లెక్కపెట్టుకునేది. ఇద్దరి పనీ కలిసి పలికితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. ఇంకో ఆధారం లేదు.

ఇలా ఉండగా ఆవిడ కళ్ళు మొగుడి మీద పడ్డాయి.

మొదటిది, పిలిస్తే పలకడం మానేశాడు. పాలవాడు గుమ్మంలోంచి బొంగురు గొంతుతో కేకేస్తే వెంటనే లేచి వెళ్ళేవాడు. పెళ్ళాం మూడు బారల దూరంలో నిలబడి నాలుగుసార్లు పిలిచినా తల తిప్పేవాడు కాదు. "బయటివాళ్ళ మాట చెవికెక్కుతుంది, నా మాట గోడకెక్కుతుంది" అని కూపీ గిన్నెలు ఎత్తి కుదేసేది. రెండోది, చెక్క కొనుక్కొస్తానని పొద్దున్నే వెళ్ళి, ఖాళీ చేతులతో వచ్చేవాడు. "బాగాలేదే చెక్క" అనేవాడు. ఒక నెలలో మూడుసార్లు చెక్క బాగోకపోవడం ఏమిటి? మూడోది అన్నిటికంటే విడ్డూరం. ఆరు తీగల గిటార్లు అడిగినవాళ్ళని ఏదో వంక చెప్పి పంపించేసి, ఏడాదిగా బాస్ గిటార్లే చేస్తున్నాడు. గిరాకీ ఉన్నది కాదని లేనిది చేసేవాడిని ఎక్కడైనా చూశారా?

పక్కింటి టైలరమ్మ ఆవిడకి చెలికత్తె. "ఎవత్తైనా ఉందేమో వదినా" అంది నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

"ఉంటే నాకు తెలీదా? చొక్కా జేబులు తిరగేశా. రంపపు పొట్టు తప్ప ఏం రాలలేదు."

నాలుగోది వారం తర్వాత దొరికింది. పాలిష్ కోసం గోడకి వేలాడదీసిన బాస్ గిటారు ఒంటి మీద, పైన కొమ్ములా పొడుచుకొచ్చే చోట, చిన్న చిన్న గాట్లు. ఎలుక అనుకుని బోను పెట్టింది. మూడు రోజులు పెట్టిన రొట్టెముక్క ఎండిపోయింది గానీ ఎలుక పడలేదు. ఇంకో గిటారు చూస్తే దానికీ అక్కడే గాట్లు. ఎలుకకి అంత పద్ధతి ఎక్కడిది? వెలుతురులోకి తెచ్చి చూస్తే వరసగా పళ్ళ గుర్తులు, మధ్యలో ఒకటి మూల విరిగిన పన్ను. ఆ ఇంట్లో మూల విరిగిన ముందుపన్ను ఎవరికుందో ఆవిడకి వేరే చెప్పాలా?

ఉరుక్కుంటూ టైలరమ్మ దగ్గరికి పోయింది. "మా ఆయన కర్ర కొరుకుతున్నాడే!"

టైలరమ్మ కత్తెర కింద పెట్టేసింది. "వేవిళ్ళేమో వదినా. ఎన్నో నెలో కనుక్కో. మట్టి తినాలనిపించేవాళ్ళని చూశాను గానీ టేకు తినేవాళ్ళని చూడలేదు."

"నీ నోట్లో సూదులు గుచ్చ!" అంటూ కూపీ వెనక్కి వచ్చింది గానీ, నవ్వు రాలేదు. వెనకగది తలుపు సందులోంచి చూసింది. మీ చిన్నతాత స్టూలు మీద కూర్చుని, గిటారు కొమ్ముని పళ్ళతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, బిరడా తిప్పుతూ తీగ మీటుతున్నాడు. స్పీకరు పెట్టె పక్కనే ఉంది. దానికి వైరు తగిలించనైనా లేదు.

పాలవాడి గొంతు లావు. తన గొంతు సన్నం. బాస్ గిటారు లావు. ఆరు తీగల గిటారు సన్నం. మోటారు వాసన చూసినట్టు ఒక్కొక్కటీ ముక్కుకి తగిలింది. చెవులు పోతున్నాయా ఈయనకి? అడిగితే చెప్పడు. చెప్పినా నమ్మడం ఆవిడ వల్ల కాదు. పరీక్ష పెట్టాల్సిందే.

సరిగ్గా అప్పుడే హోటల్లో గిటారు వాయించే ఆయన ఒక ఆరు తీగల గిటారు కావాలని పట్టుబట్టాడు. ఆయన మొదటి నుంచీ వీళ్ళ దగ్గరే కొంటున్న మనిషి, ఊళ్ళో వాయించేవాళ్ళందరూ ఆయన మాట మీద కొనేవాళ్ళే. కాదనలేక మీ చిన్నతాత ఒప్పుకున్నాడు. కూపీ దానికి రెండు పికప్‌లు చుట్టింది. ఒకటి సరైనది, దాన్ని బిస్కెట్ డబ్బాలో దాచింది. రెండోదాంట్లో సన్నతీగలు రెండింటి కిందా అయస్కాంతాలకి బదులు ఇత్తడి ముక్కలు పెట్టి, పైన మూత బిగించింది. ఇత్తడి దేన్నీ పట్టదు. ఆ రెండు తీగలూ స్పీకరులో పలకవు. చెవులున్న ఎవడికైనా మొదటి మీటుకే తెలిసిపోతుంది.

మీ చిన్నతాత దాన్ని బిగించాడు, టంకం పెట్టాడు, కొమ్ము కొరికి తీగలు సరిచేశాడు, స్పీకరుకి తగిలించి వాయించాడు. సన్నతీగల దగ్గరికి వచ్చేసరికి పెట్టెలోంచి గోరుతో గోడ గీకినంత చప్పుడు. ఆయన మొహం వెలిగిపోయింది.

"నువ్వు చుట్టాక తిరుగేముంటుందే" అన్నాడు.

అనుమానం నిజమైతే కూపీకి ఎప్పుడూ ఒక గెలుపు ఉండేది. ఆ రోజు లేదు. గిటారు తీసుకోవడానికి హోటలాయన రావలసింది రేపు. ఈలోపు చుట్ట మార్చేద్దాం అనుకుంటూ మరలు తిప్పే స్క్రూడ్రైవరు వెతుక్కుంటోంది. వీధి తలుపు చప్పుడైంది.

"మాస్టారూ, ఒకరోజు ముందే వచ్చేశా, ఏమనుకోకండి. సాయంత్రమే వాయించాలి." హోటలాయన లోపలికొచ్చి గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. లావు తీగలు ఝుమ్మన్నాయి. సన్నతీగల దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. మళ్ళీ మీటాడు. గొంతు తగ్గించి అడిగాడు. "మాస్టారూ, ఇది మీకు వినబడలేదా?"

మీ చిన్నతాత ఆయన పెదాల వంక చూసి నవ్వాడు. "చెప్పాగా, బాగా వచ్చిందని."

హోటలాయన నవ్వలేదు. కనుబొమలు దగ్గరికొచ్చాయి, మొహం మాస్టారి చెవి వైపు తిరిగింది. ఒక మనిషి మొహంలో అనుమానం ఎలా మొలకెత్తుతుందో కూపీకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఇంకో నిమిషం వదిలేస్తే అది మాటై వీధిలోకి పోతుంది. చెవిటివాడు చేసిన గిటారు ఎవడు కొంటాడు?

"ఆయనకెందుకు వినబడుతుంది?" అంది ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడి. "రేపు రమ్మంటే ఇవాళ వచ్చిందెవరు? ఎందుకొచ్చారు ముందురోజే? పని మధ్యలో చూసి పేరు చెడగొడదామనా? ఎవరు పంపారు మిమ్మల్ని?"

"అయ్యో, నన్నెవరు పంపుతారమ్మా?"

"అది మీరు చెప్పాలి!" స్క్రూడ్రైవరు తీసుకుని మూత ఊడబీకింది. "ఇదిగో ఇత్తడి. కొలత చూసుకోడానికి నేను పెట్టిన ఉత్తచుట్ట. ఈయన ముచ్చటపడి వాయించుకుంటున్నాడు, మీరొచ్చి కూర్చున్నారు. అసలుది డబ్బాలో ఉంది. కదలకుండా కూర్చోండి, ఏదీ ముట్టుకోకండి."

పావుగంటలో కొత్త చుట్ట బిగించి టంకం పెట్టింది. సన్నతీగలు గది దద్దరిల్లేలా పలికాయి. హోటలాయన చేతులు జోడించినంత పని చేసి, "మాస్టారూ, గిటారు బంగారం. మీ ఆవిడ మాత్రం పోలీసు" అని వెళ్ళిపోయాడు.

తలుపు గడియ పెట్టి వచ్చేసరికి మీ చిన్నతాత ఇత్తడి ముక్కలు అరచేతిలో వేసుకుని చూస్తున్నాడు.

"నాకు పరీక్ష పెట్టావా?"

"పెట్టా. ఎన్నాళ్ళ నుంచి?" ఆయనకి అందలేదు. గడ్డం పట్టుకుని మొహం తన వైపు తిప్పుకుని, నిదానంగా మళ్ళీ అడిగింది.

"మిల్లులో పోయింది సగం. మిగిలింది ఈ రౌటర్ తినేసింది. నీతో చెబితే నువ్వు కంగారుపడతావని..."

"చెప్పకపోతే పడనా? కర్ర కొరకడం దేనికి?"

ఆయన గిటారు తెచ్చి కొమ్ము ఆవిడ నోటి దగ్గర పెట్టాడు. "రెండు చెవుల్లోనూ వేళ్ళు పెట్టుకుని కరిచి చూడు." ఇదేం ఎగతాళో అని ఆవిడకి అనుమానమే. అయినా కరిచింది. ఆయన తీగ మీటాడు. దవడలోంచి, నెత్తి లోపల్నుంచి గంట కొట్టినట్టు వచ్చింది శబ్దం. అంత శుభ్రంగా చెవులతో ఆవిడ ఎన్నడూ వినలేదు. కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. అవి తుడుచుకుంటూనే అడిగింది.

"మరి చెక్క కోసమని పోయి ఖాళీగా వచ్చింది ఎక్కడికి?"

"చెవుల డాక్టరు దగ్గరికి. చేసేదేం లేదన్నారు."

"అన్నారా? ఆడ డాక్టరా, మగ డాక్టరా?"

ఆయనకి వినబడలేదు. వినబడనట్టున్నాడో ఏమో.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు ఆ గదిలో కొనడానికొచ్చినవాళ్ళ కుర్చీకి ఎదురుగా కూపీ కూర్చుంది. ఎవరొచ్చి ఏం అడిగినా, మొగుడి వైపు మొహం పెట్టి, పెదాలు బాగా విప్పి, గద్దించి తిరిగి అడిగేది. "ఏంటీ? నల్లరంగు కావాలా? ఎందుకు నల్లరంగు?" "మెడ సన్నగా ఉండాలా? ఎంత సన్నగా? మీ చెయ్యి ఏదీ, చూపించండి!" ఆయన ఆవిడ పెదాల మీద చదువుకుని జవాబు చెప్పేవాడు. స్పీకరు ముందు ఆవిడ చెవి పెట్టేది, బాగుంటే కళ్ళు మూసేది, తేడా ఉంటే ఏ తీగో ఆ వేలు చూపించేది. ఆరు తీగల గిటార్లు మళ్ళీ మొదలయ్యాయి. వచ్చినవాళ్ళు, "గిటారు చేయించుకోవాలంటే ముందు ఆవిడ విచారణ దాటాలిరా బాబూ" అని నవ్వుకుంటూ పోయేవాళ్ళు. ఆయన చెవుల మీదికి ఎవరి చూపూ పోలేదు. టైలరమ్మకి కూడా తెలియదు. ఆ గాట్లు ఎలుకవేనని చెప్పింది. నాకైనా చెప్పింది ఆయన పోయాకే.

ఇన్నేళ్ళూ మీరు నవ్వుకున్న అనుమానం అదే.

చిన్నతాత పోయాక కూడా బయటివాళ్ళ కోసం పికప్‌లు చుడుతూనే ఉంది. ఒక్క అనుమానం మాత్రం ఆవిడకి తీరలేదు. తిట్టినప్పుడు ఒక్కనాడూ వినబడని మనిషి, వంటింట్లోంచి మెల్లిగా "వడ్డించనా?" అంటే ఎలా లేచి వచ్చేవాడు? తను పోయే ముందు వారం కూడా నన్ను అదే అడిగింది. అడిగి, అటు తిరిగి పడుకుంది.

పోయేనాటికి ఆవిడకి డెబ్బై మూడేళ్ళు.