బాలింత గదికి థర్మోస్టాట్

మే నెలలో చెల్లికి కొడుకు పుట్టాడు. ఆసుపత్రి నుంచి తల్లినీ బిడ్డనీ నేరుగా రాజమండ్రిలో మా ఇంటికే తీసుకొచ్చాం. అమ్మా నేనూ ఉండే ఆ ఇల్లు మేడ మీద పై అంతస్తు. పొద్దెక్కేసరికి శ్లాబు కాగిపోతుంది, ఆ వేడి గదుల్లోకి దిగితే మళ్లీ ఓ పట్టాన పోదు. చెల్లికి ఇచ్చిన గదిలో ఏసీ ఉంది. దాని రిమోట్‌ని మాత్రం అమ్మ బీరువాలో పెట్టి తాళం వేసింది.

అమ్మ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైంది. ఏ మాటనైనా ఎందుకని అడగకుండా ఒప్పుకునే మనిషి కాదు. బాలింత విషయంలో మాత్రం ఆవిడకి కారణాలు అక్కర్లేకపోయాయి. చెల్లి చెవుల్లో దూది పెట్టింది, తలకి గుడ్డ కట్టింది, కిటికీలు మూసేసింది. చల్లగాలి తగిలితే జన్మంతా ఒళ్లు నొప్పులేనని ఒకటే మాట. చెల్లి కొన్నాళ్లు ఓర్చుకుంది.

ఒక మధ్యాహ్నం నేను కాలేజీ ఆఫీసు నుంచి భోజనానికి వచ్చేసరికి, చెల్లి బిడ్డని ఒళ్లో పెట్టుకుని చప్పుడు లేకుండా ఏడుస్తోంది. వాడి మెడ చుట్టూ, వీపు మీదా ఎర్రగా చెమటకాయలు పేలాయి. పాలు తాగుతూనే చిరాకుపడి మొహం తిప్పేసుకుంటున్నాడు. అమ్మ పక్కన నిలబడి విసనకర్రతో ఆపకుండా విసురుతోంది. ఆవిడ చీర కూడా తడిసి వీపుకి అంటుకుపోయింది.

ఆ సాయంత్రమే బిడ్డని తీసుకుని అందరం పిల్లల డాక్టరమ్మ గారి దగ్గరికి వెళ్లాం. ఏసీ వేసుకోవచ్చా అని చెల్లి అడిగింది. వేసుకోవచ్చు గానీ గది మరీ చల్లబడకూడదనీ, గాలి నేరుగా బిడ్డ మీద పడకూడదనీ ఆవిడ చెప్పారు. ఇరవై ఆరు, ఇరవై ఏడు డిగ్రీలుంటే బావుంటుందన్నారు. అమ్మ అంతటితో ఊరుకోలేదు.

"ఏసీ మీద ఇరవై ఏడు పెడతామండి. బిడ్డ పడుకున్న చోట ఇరవై ఏడే ఉందని నాకెలా తెలుస్తుంది?"

డాక్టరమ్మ గారు నవ్వి, గదిలో ఒక థర్మామీటరు పెట్టుకోమన్నారు.

అమ్మ అడిగినదానికి జవాబు నాకు ఆటోలో తట్టింది. మా ఆఫీసులో కంప్యూటర్లున్న గదికి ఈమధ్యే స్మార్ట్ థర్మోస్టాట్ బిగించారు. గదిలో వేడి ఎంతుందో అదే చూసుకుంటుంది, పెరిగితే ఏసీ వేస్తుంది, తగ్గితే ఆపుతుంది. అంతా ఫోన్లో కనిపిస్తుంది. ఇంట్లో వాడే మామూలు ఏసీకి పనికొచ్చేది దొరుకుతుందేమోనని అక్కడికక్కడే వెతికాను. దొరికింది. ఇల్లు చేరేలోపే ఆర్డరు పెట్టేశాను. అమ్మ వద్దనలేదు.

పార్సిల్ వచ్చిన రోజు నాకు ఆఫీసులో కాలు నిలవలేదు. సెలవు పెట్టి వచ్చేశాను. సబ్బుపెట్టె అంత తెల్లటి డబ్బా, ఒక వైరు, అతికించడానికి టేపు. అంతే. రిమోట్ చేసే పనే ఆ డబ్బా చేస్తుంది. ఏ కంపెనీ ఏసీయో దానికి తెలియాలంటే ఒకసారి రిమోట్ చూపించాలని చెప్పాను. అమ్మ బీరువా తాళం తీసి, రిమోట్ తెచ్చి, నా పక్కనే కూర్చుంది.

మొదట డబ్బాకి వైఫై దొరకలేదు. హాల్లో ఉన్న రౌటర్‌ని గుమ్మం దాకా జరిపాక దొరికింది. ఫోన్లో గది వేడి కనబడింది. ముప్పై నాలుగు. చెల్లి ఆ అంకె చూసి, తను ఇన్నాళ్లూ చెప్పింది ఇదేనంది. నేను ఫోన్లో ఏసీ బటన్ నొక్కాను. ఏసీలో చలనం లేదు. మళ్లీ నొక్కాను. లేదు. నా మొహం మాడిపోయింది. అమ్మ లేచి, డబ్బానీ ఏసీనీ మార్చి మార్చి చూసింది. నేను దాన్ని అలమర చాటున పెట్టాను, అక్కడి నుంచి దానికి ఏసీ కనబడదు. "ఎదురుగా పెట్టి చూడవే" అంది.

ఉయ్యాల పక్క గోడకి, బిడ్డకి అందనంత ఎత్తులో, ఏసీకి ఎదురుగా టేపుతో అతికించాం. ఈసారి అమ్మనే నొక్కమన్నాను. ఏసీ కుయ్యిమని రెక్క తెరిచింది. చెల్లి చప్పట్లు కొట్టబోయి, బిడ్డ నిద్ర గుర్తొచ్చి చేతులు మధ్యలోనే ఆపేసింది. తర్వాత మేం ఇద్దరం క్రికెట్ స్కోరు చూసినట్టు ఫోన్ చూస్తూ కూర్చున్నాం. ముప్పై మూడు. ముప్పై ఒకటి. ఇరవై తొమ్మిది. అమ్మ మాత్రం ఫోన్ని నమ్మకుండా ఉయ్యాల్లో ఒక థర్మామీటరు పెట్టి, రెండిట్లోనూ ఒకటే అంకె వచ్చాక గానీ తల ఊపలేదు. ఇరవై ఏడు దగ్గర ఏసీ దానంతటదే ఆగింది. కాసేపటికి గది వేడెక్కితే మళ్లీ అదే మొదలైంది. బిడ్డ కదలకుండా పడుకున్నాడు. చెల్లి కూడా వాడి పక్కనే ఒరిగి, మాట్లాడుతూనే నిద్రపోయింది. అమ్మ చెల్లి తలగుడ్డ విప్పి పక్కన పెట్టింది. చెవుల్లో దూది మాత్రం ఉంచింది.

మర్నాడు అమ్మ ఆ యాప్ తన ఫోన్లో కూడా వేయమంది. అప్పటినుంచి గది ఆవిడ అధీనంలోకి వెళ్లిపోయింది. ఆదివారం గుడికి వెళ్లినా సంచిలో బైబిలు పక్కనే ఫోన్. ప్రసంగం అయ్యీ అవగానే నాకు ఫోన్ చేసి, గది ముప్పై దాటిందేంటని అడిగింది. బిడ్డని చూడ్డానికి పక్కింటివాళ్లు వచ్చారు, తలుపు బార్లా తెరిచి ఉంది. తలుపు వేశానని చెప్పాక కూడా ఫోన్ పెట్టేయకుండా, అంకె దిగేదాకా లైన్లోనే ఉంది. ఆ చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ అక్కడే ఫోన్ చూపించిందట. వాళ్లలో ఒకావిడ తన కోడలి పురిటికి అలాంటిదే కావాలని సాయంత్రం మా ఇంటికొచ్చింది. అమ్మే దగ్గరుండి ఆవిడకి అన్నీ వివరించింది, ఎదురుగా పెట్టాలన్న సంగతితో సహా.

చెమటకాయలు మాడిపోయాయి. బిడ్డ ఒళ్లు చేశాడు. మూడో నెల రాగానే మా మరిది వచ్చి తల్లీబిడ్డల్ని జంగారెడ్డిగూడెం తీసుకెళ్లాడు. అక్కడి గదికి కూడా అలాంటి డబ్బాయే ముందే బిగించి ఉంచాడు. ఆ గదిని కూడా అత్తగారే కనిపెట్టుకుని ఉండాలని సరదాపడి, దాన్ని అమ్మ ఫోన్‌కి కూడా కలిపాడు. ఇప్పుడు అమ్మ ఫోన్లో రెండు గదులు కనిపిస్తాయి. మా గది అంకె వంక ఆవిడ చూడనే చూడదు.

మొన్న వాన పట్టిన సాయంత్రం చెల్లి ఫోన్ చేసింది.

"అమ్మా, మా ఏసీ నువ్వు ఆపావా?"

"ఆపాను. ఎవరు తగ్గించి పెట్టారో, అక్కడ ఇరవై అయిదుకి వచ్చేసింది. మీకు కూడా వాన పడుతోందా ఏంటి?"

పడుతోందని చెల్లి నవ్వుతూ చెప్పింది. అమ్మ ఫోన్ నాకిచ్చి, బిడ్డకి పొడుగు చేతుల చొక్కా తొడిగారో లేదో వీడియోలో చూపించమని అడగమంది.