దుబాయి దొరసాని

నా నోరు మంచిది కాదని మా వాడకట్టంతా అంటుంది. నిజమే, నేను కాదనను. కానీ ఆ నోట్లోంచి రావాల్సిన ఒక్క మాట రావాల్సిన రోజు రాలేదు. అందుకే ఇవాళ మాకు ఇల్లు లేదు.

మాది కరీంనగర్ దాటినాక వచ్చే మగ్గాల ఊరు. నా భర్త పదిహేనేళ్లు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపాడు. నేను బీడీలు చేస్తాను. రెండు అర్రల కిరాయి ఇంట్లో మేమిద్దరం, మాకొక బిడ్డ. ఊరి చివర అరవై గజాల జాగ ఒక్కటే మా సొంతం. అందులో సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేచింది లేదు. సాంచాలకు పని తగ్గిపోయాక ఆయన దుబాయి పోయాడు.

అక్కడ ఆయన పని చేసేది ఇల్లూ కాదు, ఊరూ కాదు. ఆకాశమంత రంగులరాట్నం, నీళ్లలోకి జారే బండలు, ఉత్తుత్తి కోట, వాటన్నిటి మధ్యలో కోటీశ్వరులు కొనుక్కునే విల్లాలు. ఒక్క విల్లాను మాత్రం అమ్మరు. కొనేవాళ్లకు చూపించడానికి ఉంచుతారు. దాన్ని తుడవడం, పరుపుల మీద దుప్పట్లు ముడత లేకుండా పరచడం, బల్ల మీద పళ్లు సర్దడం ఆయన కొలువు. ఆ పళ్లు కూడా ప్లాస్టిక్‌వే.

ఎవరూ చూడ్డానికి రాని పూట వీడియో కాల్ చేసేవాడు.

"ఇగో, గిది నీ వంటిల్లు."

"గింత పెద్ద వంటింట్ల ఎవలకు వండాలె? ఊరందరికా? పొయ్యి ఏదయ్యా?"

"గా నల్లటి అద్దమే పొయ్యి."

"థూ! అద్దం మీద రొట్టె కాలుతదా?"

ఆయన పగలబడి నవ్వేవాడు. ఆ నవ్వు కోసమే నేను ఇంకా ఇంకా అడిగేదాన్ని. ఫ్రిజ్ పక్క గోడకు కొండగట్టు అంజన్న పటం పెట్టించాను. కిటికీ కింద చాట పెట్టుకొని బీడీలు చేయడానికి నాకొక చోటు ఖాయం చేసుకున్నాను. రంగులరాట్నం కనపడే అర్ర తనకేనని బిడ్డ పేచీ పెట్టింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని ఇంట్లో అర్రల కోసం తల్లీబిడ్డలం కొట్లాడుకున్నాం.

మొదట అది నవ్వులాటే. తరవాత ఏమైందో నాకే తెలియదు. తునికాకు కత్తిరిస్తూ కూర్చుంటే ఆ తెల్లటి గోడలే కళ్ల ముందు. నాకు ఆ ఇల్లు కావాలనిపించేది. ఏడుపు వచ్చేంత కావాలనిపించేది. ఆయనకైతే ఇంకా ఎక్కువ. ఎనిమిది మంది పడుకునే గదిలో పై మంచం ఆయనది.

"గా పరుపు మీద ఒక్కసారి నడుం వాలిస్తే కొలువు పోతది," అన్నాడొకసారి. "దుప్పటి పరిచేది నేను. ముడత తీసేది నేను. పండుకునేటోడు ఇంకా రాలే." ఆ రోజు ఇద్దరం నవ్వలేదు.

ఆ విల్లా ముందు తాళంచెవులు చేతిలో పట్టుకొని దిగిన ఫోటో పంపాడు. నేను దాన్ని ఫోన్‌లోనే ఉంచుకోవాల్సింది.

కానీ ఇంటామె నీళ్ల దగ్గర నోరు పారేసుకుంది. మేం కిరాయి కట్టేది ఆమెకే. "జాగ ఉండి కూడ ఇల్లు కట్టుకోనోళ్లకు గిన్ని బిందెలెందుకు?" అంది, బీడీల ఆడవాళ్లందరూ వింటుండగా. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోన్ తీసి ఆమె మొహం మీద పెట్టాను. "ఇగో చూడు. మా ఆయన దుబాయిల కొన్నడు. నీ బిందె నువ్వే ఉంచుకో!"

ఆ మాట సాయంత్రానికి వాడంతా తిరిగింది. నన్ను దుబాయి దొరసాని అనడం మొదలుపెట్టారు. వెక్కిరింపని తెలుసు. అయినా ఏం చెప్పను, తియ్యగానే ఉండేది.

కొన్ని నెలలకు ఇళ్లు లేనివాళ్లకు సర్కారు ఇల్లు ఇస్తుందని సర్వే మొదలైంది. జాగ ఉన్నవాళ్లకు ముందు అన్నారు. ఆయనకు ఫోన్‌లో చెప్తే ఎగిరి గంతేశాడు. "పేరు రాయించు. గా ఇల్లు ఒక్కటి లేస్తే నేనొచ్చేస్త. ఎవడి దుప్పట్లో పరిచింది చాలు."

సర్వే సారు మా వాకిట్లోకి వచ్చిన రోజు వాడలో ఆడవాళ్లందరూ అక్కడే ఉన్నారు. మా పక్క వాటాలో ఉండే, నేను అక్కా అని పిలిచే ఆమె అందరికన్నా ముందు నిలబడింది. భర్త లేని మనిషి, నాతోపాటే బీడీలు చేస్తుంది. ఆమె జాగ మా జాగ పక్కనే. ఆమె పేరు రాసుకున్నాక సారు నా వైపు తిరిగాడు.

"సొంత ఇల్లు ఉందా అమ్మా?"

నేను నోరు తెరిచేలోపే ఇంటామె అందుకుంది. "ఆమెకేంది సారు, దుబాయిల బంగళా ఉన్నది!"

అందరూ నన్నే చూస్తున్నారు. నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. "లేదు సారు" అంటే సరిపోయేది. రెండు ముక్కలు. అవి రాలేదు. బదులుగా నా పాడు నోరు ఇంకొకటి అంది: "మాకద్దు సారు. లేనోళ్లకు రాసుకోండ్రి."

సారు మెచ్చుకున్నాడు. అందరూ నీలాగా ఉంటే ఎంత బాగుండేదమ్మా అని కూడా అన్నాడు. ఇంటామె మొహం మాడిపోయింది. నేను గెలిచాననుకొని లోపలికి పోయి, తలుపు దగ్గరేసుకొని, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మర్నాడు ఆఫీసుకు ఉరికాను. కరీంనగర్ పోయి అర్జీ ఇచ్చాను. మళ్లీ విడతలో చూద్దామన్నారు. వాళ్లను ఏమనాలి? వద్దన్నది నేనే. చేతులు కాలినాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం!

"పేరు రాసుకున్నరా?" అని ఆయన అడిగాడు. రాసుకున్నారన్నాను. లిస్టు వచ్చిందా అంటే వచ్చిందన్నాను. అక్క జాగలో పునాదికి ముగ్గు పోసిన రోజు మన జాగలో ముగ్గు పోశారన్నాను. ఏదో ఒక రోజు నిజం చెప్పాలనే ఉండేది. కానీ ఇంటి మాట వినగానే ఆయన గొంతులో ప్రాణం లేచేది. ఆ ప్రాణాన్ని నా చేత్తో ఎట్లా తీయను?

గోడలు లేచాక చూపించమన్నాడు. అక్క బీడీలు అప్పజెప్పడానికి పోయిన పూట ఆమె గోడల మధ్య నిలబడి ఫోన్ పట్టుకున్నాను. "ఇగో, గిది మన వంటిల్లు," అన్నాను. అచ్చం ఆయన అన్నట్టే.

"చిన్నగున్నది," అన్నాడు ఆయన. "చిన్నగుంటేనే మంచిగుంటది. తుడుసుడు అల్కగైతది."

స్లాబ్ పడింది. సున్నం వేశారు. నిన్న ఆయన నడి మధ్యాహ్నం కాల్ చేశాడు. నేను అక్క ఇంటి ముందే ఉన్నాను. ఆమె గృహప్రవేశానికి నేనే వాకిలి పేడతో అలుకుతున్నాను. ఆమె పసుపు కుంకుమ తేవడానికి బజారుకు పోయింది.

"నౌకరి ఇడిసిపెట్టిన," అన్నాడు. మొహం వెలిగిపోతోంది. "విల్లా తాళంచెవులు అప్పజెప్పిన. వీసా క్యాన్సల్ అయింది. ఐతారం వస్తున్న. ఇంటి గోడ మీద పేరు రాస్తరట గదా, నీ పేరు చూపియ్యి."

నా చేతులకు పేడ. ఆనాడు వాకిట్లో రాని మాట ఇప్పుడు వచ్చింది.

"లేదయ్యా. మనకు ఇల్లు లేదు."

ఆయన నవ్వాడు. అద్దం మీద రొట్టె కాలుతదా అన్నప్పుడు నవ్విన నవ్వే.

"మజాక్ చెయ్యకు. గోడ చూపియ్యి."

ఫోన్‌ను గోడ వైపు తిప్పాను. ఆయనకు చదవడం నిదానం, నాలుగో తరగతిలోనే బడి మానేశాడు. ఒక్కొక్క అక్షరం పైకి పలుకుతూ అక్క పేరు చివరిదాకా చదివాడు. మళ్లీ మొదటినుంచి చదవడం మొదలుపెట్టాడు.