స్టార్టరుకు పెట్టిన బొట్టు

ఎనభైల మొదట్లో, నేను చిలమత్తూరు దగ్గరి పల్లెకు కాపురానికొచ్చిన కొత్తలో జరిగింది ఇది. ఇంట్లో తట్టల నిండా పట్టుపురుగులు, బయట వాడిపోతున్న మల్బరీ తోట. బావి మోటారు కాలిపోతే హిందూపురంలో కొత్త తీగ చుట్టించి తెచ్చారు. మెకానిక్ స్టార్టరులో రిలే సెట్ చేసి, "ఓల్టేజి తగ్గితే ఇదే మోటారును ఆపేస్తాది. దీని జోలికి పోవద్దండప్పా" అని చెప్పి వెళ్లాడు.

ఒకరోజు కరెంటు నీరసంగా వచ్చింది. మోటారు కాసేపు తిరగడం, ఆగిపోవడం. మా మామకు విసుగొచ్చి, చుట్టుపక్కల అందరూ చేసినట్టే, పచ్చ బటన్ నొక్కి అది పైకి లేవకుండా కందిపుల్ల ఇరికించాడు. మోటారు ఇక ఆగలేదు. మూలుగుతూ తిరిగింది. కాసేపటికి కాలిన వాసన గుప్పుమంది.

పరుగెత్తి పుల్ల పీకేశాను. మోటారు ఆగింది.

"ఏమ్మే, ఆకు ఎండిపోతాంటే మోటారు ఆపుతావా? ఆడదానివి, నీకేం తెలుసు? పుల్ల ఇట్లియ్యి!" అని మామ కేకలేశాడు. పక్క పొలాలవాళ్లంతా చూస్తున్నారు. స్టార్టరుకు అడ్డంగా నిలబడ్డాను.

"ఇయ్యను మామా! ఆయుధపూజకు దీనికి బొట్టు పెట్టి మొక్కుతారు. అదే ఆపమంటే నోట్లో పుల్ల కుక్కుతారా? మోటారు మళ్లా కాలితే పురుగులకు ఆకు యాడ తెస్తారు?"

పుల్ల విరిచి పారేసి, ఓల్టేజి పుంజుకునేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ విడత పట్టుగూళ్లు చేతికొచ్చినా మామకు నా మీద కోపం చాలా రోజులు తగ్గలేదు. ఆయుధపూజనాడు మాత్రం కుంకుమ భరిణె నా చేతికిచ్చి, "నువ్వే పెట్టు. అది నీ మాటే వింటాది" అన్నాడు.

బొట్టు పెట్టాను గానీ ఆ మాట ఒప్పుకోలేదు.

"అది నా మాట వినేది కాదు మామా. మనమే దాని మాట వినాల" అన్నాను.