నాలుగో గడిలో మొగ

మా వీధి చివరింటి మెర్వ్ బతుకంతా చేపల పడవల మీద పనిచేసినవాడే. కానీ ఊళ్లో అతనికి పేరు తెచ్చింది మాత్రం కళ్లు. మా ఏరు సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట వేస్తుంది. కెరటం దాని మీద విరిగిందంటే పడవ బోల్తానే. సముద్రంలోంచి చూసేవాడికి కెరటం వీపే కనిపిస్తుంది గానీ విరగడం కనిపించదు. అందుకే ప్రతి పడవా బయటే ఆగి, రేడియోలో మెర్వ్‌ని అడిగేది. అతను రాళ్లకట్ట మీద నిలబడి చూసి "రావచ్చు" అంటేనే లోపలికి. ఆ మాట మీద ఎంతమంది ఇల్లు చేరారో!

తుంటి విరిగాక కట్ట ఎక్కలేకపోయాడు. మేనకోడలు షీనా వచ్చి ఇంటికి కెమెరాలు బిగించింది. టీవీలో నాలుగు గడులు: గేటు, షెడ్డు, కోళ్ల గూడు, నాలుగోదాంట్లో మొగ. ఆ మొగ కెమెరా ఇంటిది కాదు, ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. నేను ఏదో వంకతో రోజూ పోయి అతన్ని చూసొచ్చేదాన్ని.

"మళ్లీ వచ్చావా బెరిల్?"

"నీ గేటు కెమెరాలో నా జుట్టు ఎలా ఉందో చూసుకుందామని."

"కోళ్ల గడిలో చూసుకో తల్లీ, తేడా తెలీదు."

ఓ ఆదివారం పొద్దున గుమ్మడికాయ స్కోన్లు, అవే చిన్న చిన్న రొట్టెలు, కాల్చి పట్టుకెళ్లాను. అంతలో రేడియోలో అతని తమ్ముడు డెస్ గొంతు.

"అన్నా, మొగ ఎలా ఉంది?"

మెర్వ్ తెరకేసి చూశాడు. నాలుగో గడిలో నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి.

"నిద్రపోతోందిరా, వచ్చెయ్. బెరిల్ స్కోన్లు తెచ్చింది. రాళ్లైపోకముందే రా."

"అవి పుట్టడమే రాళ్లుగా పుడతాయి కదన్నా!" డెస్ నవ్వాడు.

తిట్టబోతూ నేను కోళ్ల గడి చూశాను. గూటి మీది పట్టా గాలికి లేచి కొట్టుకుంటోంది. పక్క గడిలో రాళ్లకట్ట మీది పెలికాన్ ఒక రెక్క చాపి ఉంది. ఎంతసేపైనా దించదే!

"మెర్వ్, ఆ పక్షి కదలడం లేదేంటి?"

అతను తెర మీదికి వంగి చూశాడు. ఆ బొమ్మ ఎప్పుడు ఆగిపోయిందో ఏమో. మిగతా మూడూ కదులుతుంటే ఇదీ కదులుతోందనే అనుకున్నాడు.

"డెస్! రాకురా! వెనక్కి తిప్పు!"

రేడియో పలకలేదు.

పడవ ముక్కలు ముందు ఒడ్డుకొచ్చాయి. డెస్ మర్నాడు దొరికాడు.

సమాధి దగ్గర పడవలవాళ్లంతా మెర్వ్ చెయ్యి పట్టుకున్నారు. ఒక్కరూ ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

వారం తిరక్కుండానే ముసలి లెక్స్ తన పడవలోంచి రేడియోలో పిలిచాడు. "మెర్వ్, మొగ ఎలా ఉందయ్యా?" ఆ రోజు సముద్రం బాగానే ఉంది. ఆ సంగతి లెక్స్‌కీ తెలుసు.

మెర్వ్ రేడియో నా చేతిలో పెట్టాడు. "నన్నడగొద్దని చెప్పు."

చెప్పాను. ఇంజను చప్పుడులోంచి లెక్స్ అన్నాడు.

"సరే తల్లీ. రేపు కూడా అడుగుతానని చెప్పు."

మెర్వ్ విన్నాడు. చెయ్యి చాచి రేడియో కట్టేశాడు.