మా గేటు దగ్గర హోసన్నా

హోసన్నా అంటే పండగ కేక అనుకుంటున్నావు కదూ? కాదమ్మా. రాసుకో. మా నాన్న ఊళ్లో వాక్యం చెప్పే ఉపదేశి, నా చిన్నప్పుడే ఆయన చెప్పాడు నాకు. అది హెబ్రీ మాట. "రక్షించు, నీకు దండం పెడతాను, ఇప్పుడే రక్షించు" అని దానర్థం. కీర్తనల్లో ఆపదలో ఉన్నవాళ్లు పెట్టిన మొర. యేసు గాడిదనెక్కి యెరూషలేములోకి వస్తుంటే జనం ఆ మాటతోనే ఎదురెళ్లారు. అరిచి అరిచి అది జేజే అయిపోయింది.

కరెంటు ప్లాంటు కాలనీలో ఉన్నప్పటి సంగతి చెబుతాను. మీ తాతయ్యకు కామెర్లు ముదిరాయి. ఆసుపత్రిలో ఇక చేసేదేమీ లేదంటే ఇంటికి తెచ్చుకున్నాం. కళ్లు పసుపుముద్దలు. అంతలో ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం వచ్చింది. ఏటా ఆ రోజు కాలనీలోని మనవాళ్లంతా కృష్ణ ఒడ్డున కోసుకొచ్చిన ఈతమట్టలు పట్టుకుని, లైను లైనూ తిరుగుతూ హోసన్నా అని కేకలేసేవాళ్లు. ఆ మట్టల మీద కూడా ప్లాంటు బూడిదే.

ఆ ఏడు మా లైను మలుపు దగ్గరే కేకలు ఆగిపోయాయి. గేటు దగ్గరికొచ్చి చూశాను. అందరూ మట్టలు కిందికి దించి, చెప్పుల చప్పుడైనా రాకుండా వస్తున్నారు. పిల్లలేమో నోటి మీద వేళ్లు పెట్టుకున్నారు. వాళ్లలో మీ అమ్మ కూడా ఉంది.

"ఎందుకయ్యగారూ ఆపేశారు?" అని పాస్టరుగారిని అడిగాను.

"అన్నగారికి ఇబ్బందని, అమ్మా."

"అప్పుడే శవం వెనక నడిచినట్టు నడుస్తున్నారేంటండీ! ఆ మాట కావాల్సిన ఇల్లు ఇదే. ఇక్కడ అరవకపోతే ఇంకెక్కడ అరుస్తారు?"

పక్క క్వార్టర్‌లో ఉండే రాయచూరావిడ, మన మతం కాదులే, గోడ మీంచి తొంగిచూసింది. "ఏందక్కా, గిట్ల కొట్లాడ్తున్నవ్? ఇంట్ల మనిషి పండుకున్నడు గదా?"

"ఆయన కోసమే" అన్నాను.

"అట్లయితే జోర్‌గ అనమను. దేవుడు ఎంత దూరమున్నడో ఏమో."

ముందు నా గొంతే లేచింది. తర్వాత అందరివీ. నేను లోపలికి పరిగెత్తాను.

"ఏంటా గోల?" అన్నారు తాతయ్య.

"మీ కోసమేనండీ. రక్షించమని అడుగుతున్నారు."

ఆయన కాసేపు విన్నారు. "అడగనీ. నేను అడిగి అడిగి అలిసిపోయాను" అని గోడవైపు తిరిగి పడుకున్నారు.

గురువారం పొద్దున్నే పోయారు. ఈస్టరు దాకా కూడా ఉండలేదు.

ఇప్పుడు పిల్లలు మట్టలూపుతూ, నవ్వుకుంటూ హోసన్నా అంటుంటే వాళ్లనేమీ అనను. నేను మాత్రం పాడలేను. కాదనిపించుకున్న మొరను జేజేలా ఎలా పాడతాను? అందరూ పాడేసి ఊరుకున్నాక, ఒక్కసారి మెల్లిగా, అడిగినట్టే అంటాను. ఇంకా ఎవరి కోసమని అడక్కు. నాకూ తెలీదు.