సన్యాసుల అరిష్టం

నూట ఎనిమిది మూలికలతో సన్యాసులు స్వయంగా పులియబెట్టే అరిష్టం ఎమ్మిగనూరు దగ్గర ఒక మఠంలో దొరుకుతుందని, రెండు మూతలు తాగితే కీళ్ల నొప్పులు పోతాయని గుంతకల్లులో ఒక మిత్రుడు నెల రోజులుగా చెవినిల్లు కట్టుకుని పోరు పెట్టాడు. పోయి చూస్తే గాని అతని నోరు మూతపడదనిపించింది.

ఉదయం ఆరున్నరకు ఆదోనిలో రైలు దిగాను. బస్టాండు ఎదుట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాను. ఈ యాత్రలో ఒంటికి మేలు చేసింది అదొక్కటే. ఏడుంబావు బస్సుకు కిటికీ పక్క సీటు దొరికింది. దారి పొడుగునా పత్తి చేలే. ఎనిమిదిన్నరకు ఎమ్మిగనూరులో దిగి మఠానికి పోయే షేర్ ఆటో ఎక్కాను.

ఎదుటి సీట్లో మగ్గం నేసే సోమన్న, ఆయన భార్య ఈరమ్మ. మోకాళ్ల నొప్పితో ఆయన మగ్గం గుంటలో కాళ్లు ఆడించలేకపోతున్నాడు. శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దేవుడి ముందు మందు ముట్టనని ఒట్టు వేశాడని, అప్పటినుంచి చేతి వణుకు పోయి తెగిన పోగు తానే అతుకుతున్నాడని ఈరమ్మ చెప్పింది. చుక్క పడితే మళ్లీ మొదటికొస్తాడని ఆమె భయం.

మఠంలో గ్రానైటు హాలు, టోకెన్ల కిటికీ ఉన్నాయి. మూలికల తోట ఏదంటే ఒక సన్యాసి కుండీలో తులసి మొక్కను చూపించాడు. మిగతా నూట ఏడూ లోపల ఉన్నాయట. పులియబెట్టే గది చూస్తానంటే మడి అన్నాడు. ఆ గదిలోంచి మాత్రం మడికి సంబంధం లేని వాసన వస్తోంది.

పెద్ద స్వామి ఇచ్చిన సీసాను ఈరమ్మ తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఇది ఏ మందో రవంత సదివి సెప్పన్నా. నొప్పి మందా, ఆ మందా?"

ముందువైపు దేవుడి బొమ్మ. వెనుక చీమ తలకాయంత అక్షరాల్లో 'స్వయంజనిత మద్యసారం కలదు' అని ఉంది. పైకే చదివాను. దానంతటదే పుట్టింది కనుక దోషం లేదని పెద్ద స్వామి నవ్వాడు. ముప్పై ఏళ్లు పత్రికలో నాయకుల వివరణలు రాశాను. ఇంత నున్నటిది ఎన్నడూ తగల్లేదు.

సోమన్న సీసా తీసుకుని, మూత తిప్పి వాసన చూశాడు. చాలాసేపు ముక్కు దగ్గరి నుంచి దించలేదు. ఈరమ్మ ఆయన చేతినే చూస్తోంది. చివరికి మూత బిగించి స్వామి ముందు పెట్టాడు.

ప్రసాదం వెనక్కి ఇవ్వకూడదన్నాడు స్వామి.

"అట్లయితే మీరే ఒక గుక్క తాగండి స్వామీ," అంది ఈరమ్మ.

"ఇప్పుడెట్లమ్మా? పదకొండుకు పూజలో కూర్చోవల్ల."

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. సోమన్న మాత్రం నవ్వలేదు.

"మేమూ మగ్గం మీద కూకోవల్ల కద స్వామీ," అని మెట్లు దిగాడు.

ఎమ్మిగనూరులో ఆయన కుంటుతూనే ఆటో దిగాడు. ఈరమ్మ పెద్దాసుపత్రికి దారి అడుగుతోంది.

పోదలచినవారికి ఒక మాట. బస్సులకు కొదవ లేదు. మఠానికి మాత్రం పదకొండు లోపలే పోండి. పూజ అయ్యాక స్వాములు ఎలా ఉంటారో నేను చూడలేదు. ఒంటిగంట బస్సుకు ఆదోని చేరి, మిత్రుడికని నాలుగు బజ్జీలు కట్టించుకుని రైలెక్కాను.